దున్నుతున్నాడా, దున్నుకుంటున్నాడా: ఒక సివిల్ లాయరు తయారయ్యే తీరు

(కొత్తగా ఎన్‌రోల్ అయిన న్యాయవాదుల కోసం ఒక జిల్లా కోర్టు బార్ లైబ్రరీ హాల్లో చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలన్నీ ఖాళీగా వదిలేసి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ జూనియర్లకి ఇంకో నమస్కారం. కోర్టు హాల్లో ఎలాగూ మీకు కుర్చీ దొరకదు, ఇక్కడైనా కూర్చోండి.

లిటిగేషన్ లాయరు వృత్తి నేపథ్యం గురించి మాట్లాడమన్నారు. సెక్రటరీ గారు ఆ మాట అనగానే నాకు రెండేళ్ళ కిందటి ఒక వీడియో కాల్ గుర్తొచ్చింది. అవతల డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మన ప్రాంతం అబ్బాయి. ఇక్కడ ఊళ్ళో పొలం తగాదా. క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదు కాబట్టి ఊరూ, బంధుత్వాలూ మార్చి చెబుతున్నాను. ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "సర్, ఫైల్ పంపే ముందు మీ ప్రొఫెషనల్ బ్యాక్‌గ్రౌండ్ కొంచెం చెప్తారా?" అన్నాడు.

నన్నెవరూ ఎప్పుడూ అలా అడగలేదు. మన దగ్గర క్లయింటు అడిగేవి రెండే: ఫీజెంత, గెలుస్తామా. కాస్త లోకం తెలిసినవాడైతే "అవతలి లాయరు మీకు బాగా తెలుసాండీ?" అని ఓ అనుమానం పడేసి ఊరుకుంటాడు. నేను తడుముకుని "94లో ఎన్‌రోల్ అయ్యానండీ, సివిల్ సైడు" అన్నాను. ఇంకేమైనా వస్తుందేమోనని ఆయన కాసేపు చూశాడు. ఏమీ రాలేదు. పెట్టేశాక నాకే చిన్నతనంగా అనిపించింది. ముప్ఫై ఏళ్ళు చేసిన పని రెండు ముక్కల్లో అయిపోయిందేమిటి అని. ఆ రోజు చెప్పలేకపోయింది ఇవాళ మీకు చెబుతాను.

అసలు మన ఊళ్ళలో లిటిగేషన్ అనేది మంచి మాట కాదు. "ఆ స్థలం లిటిగేషన్‌లో ఉంది" అంటే దాని జోలికి పోవద్దని అర్థం. "వాడు పెద్ద లిటిగెంటు" అంటే తిట్టే. నా పెళ్ళి సంబంధాల రోజుల్లో మా అమ్మ "మా వాడు లాయరండీ" అని, ఆ వెంటనే "మనిషి మంచివాడే" అని కలిపేది. (నవ్వులు)

మన మాటలన్నీ అంతే, ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ రూపం మార్చుకున్నవి. వకీలు, వకాల్తా, దావా, వాయిదా, జప్తు, రాజీ, నకలు, అమీనా. వకాల్తా అంటే ఫలానా లాయరు నా తరఫున వాదిస్తాడని క్లయింటు రాసిచ్చే కాగితం. ఇవన్నీ అరబ్బీ పారశీకాల నుంచి నవాబుల కచేరీల మీదుగా మన కోర్టులకొచ్చాయి. వాటిలో నాకు తమాషాగా అనిపించేది ముద్దాయి. అరబ్బీలో, ఉర్దూలో ఆ మాటకి అర్థం దావా వేసినవాడని. అంటే వాది. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడు అయిపోయాడు. కోర్టుకెక్కినవాడు ఎవడైనా మన జనానికి ముద్దాయే అనుకున్నారో ఏమో!

సరే, ముందు కాగితం మీది నేపథ్యం. ఇది త్వరగా అయిపోతుంది. ఇంటర్ తర్వాత ఐదేళ్ళు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ళు చదివి లా పట్టా. 1961 నాటి అడ్వొకేట్స్ యాక్ట్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, అంటే లాయరుగా పేరు నమోదు. ఆ పైన మీ తరానికి ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. 2011లో మొదలైంది కాబట్టి నేను తప్పించుకున్నాను. ఎన్‌రోల్‌మెంట్‌కి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా, కొన్నిచోట్ల పదివేలు దాటి కూడా గుంజేవారు. చట్టంలో రాసిన 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు మించి తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ హాల్లో కొందరు ఆ తీర్పు వచ్చాకే కోటు కుట్టించుకున్నారని నాకు తెలుసు.

ఒకప్పుడు ఇదంతా ఇంత సమానంగా ఉండేది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో లాయర్లలోనే మెట్లు ఉండేవి. సెకండ్ గ్రేడ్ ప్లీడరు, ఫస్ట్ గ్రేడ్ ప్లీడరు, వకీలు, అందరికంటే పైన బారిస్టరు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి జీవితం చూస్తే ఈ మెట్లన్నీ కనబడతాయి. తండ్రి చిన్నతనంలోనే పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించింది. ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమండ్రిలో బోలెడంత ప్రాక్టీసు సంపాదించారు. కానీ ఎంత పేరున్నా ఆ గ్రేడుకి హైకోర్టులో నోరు విప్పే హక్కు లేదు. ఆ గ్రేడు దాటడానికే సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు. తర్వాత 1921లో అంతటి ప్రాక్టీసునీ వదిలేశారు, అది వేరే కథ. ఆడవాళ్ళకైతే ఈ మెట్లలో అడుగు మెట్టు కూడా లేదు. 1923లో చట్టం చేసేదాకా ఆడవాళ్ళు ప్లీడర్లు కావచ్చా అన్నదే పెద్ద వివాదం. ఇవాళ ఈ హాల్లో సగం మంది అమ్మాయిలే. 1961 చట్టం ఆ గ్రేడులన్నీ తీసేసి అందర్నీ అడ్వొకేట్ అనే ఒక్క పేరు కిందికి తెచ్చింది. ఒక్క సీనియర్ అడ్వొకేట్ హోదా మాత్రం వేరుగా మిగిలింది. వాళ్ళు వకాల్తా వేయకూడదు. మనలాంటి వాళ్ళు కేసు కాగితాల కట్ట చదివి సిద్ధం చేస్తే వాళ్ళు వాదిస్తారు.

అయితే కట్ట చదవడం ఎవరు నేర్పుతారు? లా కాలేజీ నేర్పదు. నాకు మొదట నేర్పింది నేను జూనియరుగా చేరిన మా సీనియర్ గారు కాదు, వారి గుమాస్తా గారు. నేను చేరిన మొదటి నెలలో ఒక దావా ఫైలు చేస్తే మూడుసార్లు రిటర్న్ అయింది. మొదటిసారి, ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో హద్దులు సరిగా లేవని. రెండోసారి, దావాకి కారణం ఎప్పుడు పుట్టిందో తేదీ లేదని. మూడోసారి, జాబితాలో చూపిన ఒక కాగితం నకలు జత చేయలేదని. అప్పటికి దానికి కాగితాలు అందాయని వేసే ఎస్‌ఆర్ నంబరే ఉంది. దావాగా స్వీకరించి ఓఎస్ నంబరు వేసేదాకా అది దావా కాదు, ఉత్త కాగితాల కట్ట. గుమాస్తా గారు ఆ రిటర్న్ స్లిప్పు నా ముందు పెట్టి, "నాలుగు వందల పేజీల పుస్తకం చదివొచ్చారు కదా నాయనా, ఈ నాలుగు లైన్లు చదవండి" అన్నారు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ని ఆయనంత బాగా తెలిసినవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు.

దస్తావేజులు చదవడం కూడా ఆయన దగ్గరే. పాత దస్తావేజు చూశారా మీరెవరైనా? "దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా" అని ఊపిరాడకుండా సాగుతుంది. అందులో మనకి కావలసింది చివర ఉంటుంది. తూర్పు ఫలానా వారి చెక్క, దక్షిణం పంటకాలవ, పడమర డొంక, ఉత్తరం ఫలానా వారి కొబ్బరితోట. విస్తీర్ణం ఎకరం ముప్ఫై సెంట్లని రాసి, హద్దుల మధ్య కొలిస్తే ఎకరం ముప్ఫై ఆరు వచ్చిందనుకోండి, మామూలుగా హద్దులకే బలం. ఆ ఆరు సెంట్ల కోసం అన్నదమ్ములు ఇరవై ఏళ్ళు మాట్లాడుకోలేదు, నేను చూశాను. కోస్తాలో అయితే పాత రెవెన్యూ రికార్డులు వెతుకుతాం: పట్టాదారుల పేర్లుండే డైగ్లాట్, పొలం కొలతల ఎఫ్‌ఎంబీ, సాగు వివరాల అడంగల్. తెలంగాణ ఫైలొస్తే అక్కడి పాత రికార్డులు సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్ళాలి, సెంట్లు పోయి గుంటలొస్తాయి. డైగ్లాట్‌లో పట్టాదారు పేరు ఎదురుగా ఎర్ర సిరాతో చిన్న సవరణ ఉంటుంది. దాన్ని చూడని లాయరు ఆ కేసు ఓడిపోతాడు, ఎందుకు ఓడిపోయాడో కూడా తెలియదు.

ఇంక నా తప్పు ఒకటి చెప్పాలి. 1995. ఒక ముసలావిడ మీద ప్రోనోటు దావా, అప్పు పత్రం మీద బాకీ కోసం వేసింది. మేం ప్రతివాది తరఫున. బెంచి క్లర్కు చెప్పిన వాయిదా 14. నేను కట్ట మీద 14 అని రాసి, డైరీలో 24వ తేదీ పేజీలో ఎక్కించాను. 14న పొద్దున కేసుల పేర్లు పిలిచే కాల్ వర్క్‌లో పిలిచారు, ఎవరూ లేరు. ఎక్స్‌పార్టీ, అంటే మేం రాలేదని మా వైపు వినకుండానే డిక్రీ. 24న కోటు తగిలించుకుని వెళ్ళి నిలబడితే లిస్టులో మా కేసు లేదు. ఆ క్షణం కాళ్ళకింద నేల కదలడం అంటే ఏమిటో తెలిసింది.

మా సీనియర్ గారు కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. ఆ డిక్రీ రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 13 కింద పిటిషన్, ముప్ఫై రోజుల్లో వేయాలి, కూర్చుని రాయి అన్నారు. అఫిడవిట్‌లో నేను "అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెట్టాను. ఆయన ఆ ముక్క కొట్టేసి, "కారణం నువ్వే కదా, అదే రాయి" అన్నారు. జూనియరు డైరీలో తేదీ తప్పుగా ఎక్కించాడని రాశాం. ఖర్చులు కట్టమని షరతు పెట్టి కోర్టు డిక్రీ రద్దు చేసింది. ఖర్చులు సీనియర్ గారే కట్టారు. కానీ ఆవిడకి చెప్పే పని మాత్రం నాకే పెట్టారు. నేను తలొంచుకుని చెబితే ఆవిడ అంతా విని, "పోన్లే బాబూ, ఇంకోసారి రమ్మంటే వస్తాలే. బస్సు చార్జీకి మాత్రం చూసుకోవాలి" అంది. అప్పటినుంచి నేను వాయిదా మూడు చోట్ల రాస్తాను. ఇప్పుడు ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసుకిచ్చే సీఎన్‌ఆర్ నంబరు కొడితే తేదీ వస్తుంది, నిజమే. అయినా రాస్తాను.

ఇక అసలు విషయానికొస్తాను. కోర్టులో లాయరు పనిముట్టు చట్టం అనుకుంటారు. నా లెక్కలో పనిముట్టు తెలుగు. మన కింది కోర్టుల్లో ఏం జరుగుతుందో మీరు రోజూ చూస్తున్నారు. సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జి గారు దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. అప్పీలులో పై కోర్టు చదివేది ఆ ఇంగ్లీషే. సాక్షి నోటికీ ఆ టైపు కాగితానికీ మధ్య ఏం జారిపోయిందో పట్టుకోవలసినవాడు అక్కడ నిలబడ్డ లాయరే. "తెలియదు" వేరు, "గుర్తులేదు" వేరు, "చెప్పలేను" వేరు. మూడూ ఒకటే వాక్యంగా టైపవుతుంటే చూస్తూ ఊరుకునే జూనియర్లని చూశాను.

1998లో మా సీనియర్ గారు ఒక క్రాస్ చేస్తున్నారు, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నిస్తున్నారు. అన్నదమ్ముల పొలం. అన్న వాది, తన స్వాధీనంలో ఉన్న పొలంలోకి తమ్ముడు దౌర్జన్యంగా వస్తున్నాడని, అతన్ని ఆపమంటూ ఇంజంక్షన్ దావా వేశాడు. మేం తమ్ముడి తరఫున. ఇంజంక్షన్ దావాలో ప్రాణమంతా ఒక్క ప్రశ్నలో ఉంటుంది: దావా వేసిన నాటికి స్వాధీనం ఎవరిది? సీనియర్ గారు చాలాసేపు అదీ ఇదీ అడిగి, మామూలు కబురులా, "దావా వేసిన ఏడు సార్వా ఎవరు చేశారు పెద్దాయనా?" అన్నారు. సార్వా అంటే వానకాలపు వరి పంట. ఆయన, "మా తమ్ముడే దున్నుకున్నాడండి" అన్నాడు.

జడ్జి గారు డిక్టేట్ చేశారు, తమ్ముడు పొలం దున్నాడు అని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. తప్పేం లేదు, ఇంగ్లీషులో అంతకంటే ఎలా చెబుతారు? సీనియర్ గారు లేచి, "అయ్యా, సాక్షి దున్నాడు అనలేదు, దున్నుకున్నాడు అన్నాడు. ఆర్డర్ 18, రూల్ 10 కింద నా ప్రశ్న, ఆయన జవాబు, ఉన్నదున్నట్టు తెలుగులోనే రికార్డు చేయించండి" అని కోరారు. అవతలి లాయరు గారు అడ్డం పడ్డారు, రెండిటికీ తేడా ఏముందని. జడ్జి గారిది కూడా వ్యవసాయ కుటుంబమే. ఒక్క క్షణం ఆలోచించి ఆ తెలుగు మాట యథాతథంగా ఎక్కించారు.

తేడా ఏముందో మీకు చెప్పక్కర్లేదు. దున్నాడు అంటే కూలికి దున్నుండవచ్చు, అన్న కోసం దున్నుండవచ్చు. దున్నుకున్నాడు అంటే తన కోసం. పంట తనింటికి తోలుకున్నాడని. ఆ "కు" అక్షరం ఒక్కటే స్వాధీనం. వాదనల్లో మా సీనియర్ గారు దాని మీదే నిలబడ్డారు. దావా కొట్టేశారు.

ఆ రోజు ఆఫీసులో మేం మిఠాయి తిన్నాం. కానీ నాకు ఇప్పటికీ మనసులో ఓ మూల ఆ పెద్దాయన ఉన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. బోనులో నిలబడి నిజం చెప్పి ఓడిపోయాడు. పొలం మీద ఆయనకి హక్కు లేదనీ కోర్టు అనలేదు. హక్కు ఉందని ప్రకటించి స్వాధీనం ఇప్పించండి అని అడగాల్సిన చోట, ఉత్త ఇంజంక్షన్ అడిగారు ఆయన తరఫు వాళ్ళు. కోర్టు ఫీజు తక్కువ, పని త్వరగా అవుతుందని ఆ దారి పట్టి ఉంటారు. క్లయింటు వచ్చి "చూసుకోండి బాబూ" అంటే, ఎక్కడ ఏ దావా వేయాలో తేల్చాల్సింది మనం. ఎప్పుడు ఉత్త ఇంజంక్షన్ చాలు, ఎప్పుడు హక్కు ప్రకటన అడగాలి, ఎప్పుడు స్వాధీనం అడగాలి అన్నది 2008లో సుప్రీంకోర్టు వరుసగా విడమర్చి చెప్పింది, అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి తీర్పులో. అది మన వరంగల్ నుంచి వెళ్ళిన తగాదానే. సివిల్ సైడు ఉండాలనుకునేవాళ్ళు పైన ఇచ్చే సారాంశం, హెడ్‌నోట్ కాదు, తీర్పు మొత్తం చదవండి.

డబ్బు గురించి చెప్పకపోతే అబద్ధం ఆడినట్టే. మొదటి మూడు నాలుగేళ్ళు ఉండదు. నాకు పండక్కి సీనియర్ గారు ఇచ్చే బట్టలు, అప్పుడప్పుడు కవర్లో పెట్టి ఇచ్చే యాభై, వంద, అంతే. 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్లకి నెలకి 5,000 ఇచ్చే పథకం మొదలైంది. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పట్టణాల్లో జూనియర్లకి కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సిఫారసు. ఇక్కడున్న సీనియర్లలో ఎంతమంది ఇస్తున్నారో నేను చేతులెత్తమనను. (నవ్వులు) ఇంటి వెనక పొలమో, ఉద్యోగం చేసే తండ్రో లేని పిల్లలు రెండో ఏడే ఈ వృత్తి వదిలి వెళ్ళిపోతున్నారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు, అద్దె కట్టలేనివాళ్ళు. ఇది మన బార్ తప్పు, పిల్లలది కాదు.

మెజిస్ట్రేట్ పరీక్ష రాయాలనుకునేవాళ్ళకి ఒక ముక్క. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పదేళ్ళ అనుభవమున్న లాయరు ఇచ్చే సర్టిఫికెట్ ఒకటి కావాలి. దానికోసం నా దగ్గరికి రావచ్చు. కానీ ఆ మూడేళ్ళూ కోచింగ్ సెంటర్లో గడిపి, చివర్లో సంతకానికి మాత్రం రాకండి.

ఆ డాలస్ అబ్బాయి ఏమయ్యాడో చెప్పి ముగిస్తాను. నా రెండు ముక్కల బ్యాక్‌గ్రౌండ్ విని కూడా ఫైలు పంపాడు పాపం. అప్పటికే వేరేచోట డ్రాఫ్ట్ చేయించిన దావా ఉంది, ఇంజంక్షన్ దావా. సంతకం పెట్టి ఫైలు చేయడమే తరువాయి. సాక్ష్యానికి ఇక్కడున్న బావగారికి జీపీఏ, అంటే తన తరఫున అన్నీ చేసే అధికార పత్రం, ఇచ్చేస్తానన్నాడు. నీకు స్వయంగా తెలిసిన సంగతులకి నీ బదులు ఆయన బోనెక్కి చెప్పడం కుదరదు, 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది, నువ్వు వీడియో లింకులోనైనా చెప్పాలి అన్నాను. సరే అన్నాడు.

తర్వాత మామూలుగా అడిగాను, "పొలం ఇప్పుడెవరు చూస్తున్నారు?"

"మా బాబాయి గారబ్బాయి చూసుకుంటున్నాడు సర్, నాన్నగారు ఉన్నప్పటినుంచీ."

చూసుకుంటున్నాడు. ఇక్కడా ఆ "కు" ఉంది, కానీ ఇది ఆ "కు" కాదు. పసిపిల్లని ఆయా చూసుకున్నట్టు, వేరేవాళ్ళ కోసం చూడటం. ఇంతవరకు ఫరవాలేదు. "మరి పంట డబ్బులు?" అన్నాను.

"నాన్నగారికి ఏటా ఇచ్చేవాడు. ఆయన 2019లో పోయాక ఇవ్వట్లేదు సర్. ఇప్పుడు వాడే చేసుకుంటున్నాడు."

నేను పెన్ను కింద పెట్టాను. ఈ ఒక్క వాక్యం రేపు క్రాస్‌లో అంటే ఆ దావా అక్కడికక్కడే పోతుంది. ఆయనకి ఆ తేడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. డ్రాఫ్ట్ పక్కన పడేసి, హక్కు ప్రకటన, స్వాధీనం, పంట నష్టం అడుగుతూ కొత్తది రాశాం. కోర్టు ఫీజు బాగా పెరిగింది, ఆ అబ్బాయి కొంచెం గొణిగాడు. దావా వేసే గడువుకి, అంటే లిమిటేషన్‌కి, పన్నెండేళ్ళ లెక్క కూడా చూసుకున్నాం. తండ్రి అనుమతితో సాగు చేసిన కాలం అందులోకి రాదని మా వాదన. అవతలివాళ్ళు ఏమంటారో జవాబు దావాలో చూడాలి. అది వేయడానికి వాళ్ళకి ముప్ఫై రోజులు, గట్టిగా అడిగితే తొంభై.

రెండున్నరకి నాకు సీనియర్ సివిల్ జడ్జి గారి కోర్టులో క్రాస్ ఉంది. రెండు మూడు ప్రశ్నలకి టైముంది. వెనకున్న ఆ అమ్మాయి ఇందాకటినుంచి చెయ్యెత్తుతోంది, మైకు ఇవ్వండి. చెప్పమ్మా.